చలిని ఓర్చే మొక్కకు చలే దొరక్కపోతే: గోదావరి డెల్టా ఆరుబయట కూజా మొక్కలు

కడియం, కడియపులంక నర్సరీల మధ్య పెరిగినవారికి మొక్కల విషయంలో కొత్తగా వింతేమీ ఉండదు. అయినా పురుగులను తిని బతికే మొక్క అంటే మాత్రం ఇప్పటికీ ఆగి చూస్తారు. బడి పుస్తకంలో నెపంథిస్ బొమ్మగా మాత్రమే తెలిసిన ఈ మొక్కలను ఇప్పుడు ఫోనులో ఆర్డరు పెట్టి ఇంటికి తెప్పించుకోవచ్చు. వాటితో వచ్చే వివరాల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: ఇది గట్టి చలిని తట్టుకునే రకం, ఆరుబయట పెంచుకోవచ్చు. మంచు గడ్డకట్టే చోట బతికే మొక్కకు అమలాపురం చలికాలం ఒక లెక్కా అని కొనేవారు అనుకోవడం సహజమే. మొదటి ఏడాది మొక్క బాగానే పెరుగుతుంది, రెండో ఏడాది కూజాలు చిన్నవవుతాయి, మూడో ఏడాదికి నేలలోని దుంప, అంటే కొమ్ము, కుళ్ళిపోతుంది. ఎండ ఎక్కువైందనో, నీళ్లు తక్కువయ్యాయనో అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు ఆ అమ్మకపు వాక్యంలోనే ఉంటుంది. అది అబద్ధం కాదు, కానీ మన ప్రాంతానికి అవసరమైన సగం సంగతి అందులో లేదు.

ఒకే పేరుతో పిలిచే వేర్వేరు మొక్కలు

ముందుగా పేర్ల చిక్కు విప్పాలి. ఆకే కూజాలాగా మారి, అందులో పడిన పురుగులను జీర్ణం చేసుకునే మొక్కలన్నిటినీ పిచ్చర్ ప్లాంట్లు, అంటే కూజా మొక్కలు అంటున్నాం. నిజానికి ఇవి ఒకదానికొకటి దగ్గరి బంధువులు కాని పలు కుటుంబాలకు చెందినవి. మన పాఠ్యపుస్తకాల్లోని నెపంథిస్ ఉష్ణమండలపు మొక్క. ఆకు చివరనుంచి తీగలాంటి భాగం సాగి, దాని కొసన కూజా వేలాడుతుంది. చలిని తట్టుకుంటుందని చెప్పి అమ్మేది ఇది కాదు, సర్రసేనియా అనే ఉత్తర అమెరికా మొక్క. దీని కూజాలు వేలాడవు. నేలలో అల్లం కొమ్ములా అడ్డంగా పెరిగే దుంపనుంచి ఆకులే గొట్టాల్లా నిటారుగా పైకి లేస్తాయి, లేదా చుట్టూ చక్రంలా పరుచుకుంటాయి.

సర్రసేనియాలో ఎన్ని జాతులున్నాయన్నది లెక్కించేవారిని బట్టి 8 నుంచి 11 వరకు మారుతుంది. ఎక్కువ జాతులు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో, ఫ్లోరిడా, అలబామా, జార్జియా, కరోలినా ప్రాంతాల తడి ఇసుక నేలల్లో పెరుగుతాయి. సర్రసేనియా పర్‌ప్యూరియా అనే ఒక్క జాతి మాత్రం కెనడా దాకా వెళ్ళింది. అక్కడి న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్ రాష్ట్రానికి 1954 నుంచి ఇదే అధికారిక పుష్పం. నెలల తరబడి మంచు కప్పి ఉండే నేలలో బతికే మొక్క ఇది. 'చలిని తట్టుకునే' అన్న పేరు ఈ గుంపు మొత్తానికి ముఖ్యంగా దీనివల్లే వచ్చింది.

ఈ తేడా తెలియక జరిగే మొదటి నష్టం నీళ్ల దగ్గరే మొదలవుతుంది. సర్రసేనియా వేరు నీళ్లలో నిలబడడాన్ని ఇష్టపడుతుంది కనుక కుండీ కింద ట్రేలో ఎప్పుడూ నీళ్లు ఉంచుతారు. నెపంథిస్‌కు అదే పని చేస్తే వేరు కుళ్ళుతుంది, దానికి తేమ ఉండాలే గాని నీళ్లు నిలవకూడదు. కూజా మొక్క పెంపకం అని ఎక్కడ ఏ సలహా చదివినా, అది ఏ మొక్క గురించి రాసిందో చూసుకోకపోతే మంచి సలహా కూడా మొక్కకు చేటే చేస్తుంది.

తట్టుకోవడం వేరు, కావలసి ఉండడం వేరు

చలి ఓర్పును చెప్పడానికి అమెరికా వ్యవసాయ శాఖ తయారుచేసిన జోన్ల పటాన్ని ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక ప్రదేశంలో ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి ఉష్ణోగ్రతను చాలా ఏళ్లకు సగటు తీసి, దాన్ని బట్టి ఆ ప్రదేశానికి జోన్ సంఖ్య ఇస్తారు. జోన్ 8 అంటే ఆ అతి చల్లని రాత్రి సగటున మైనస్ 12 నుంచి మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుందని అర్థం. వెచ్చని ప్రాంతాలకు ఇచ్చే జోన్ 12 అంటే 10 నుంచి 15.6 డిగ్రీల మధ్య. మొక్క చీటీ మీద 'జోన్ 6 నుంచి 9' అని ఉంటే, మనవాళ్లు అందులోని 6ను చూసి ఎంత గట్టి మొక్కో అనుకుంటారు. గోదావరి డెల్టాకు పనికొచ్చే అంకె 6 కాదు, 9. ఆ పై అంకె మొక్క ఎంత చలికి చస్తుందో చెప్పదు. అంతకంటే వెచ్చని చోట దానికి సరిపడా చలికాలం దొరకదని చెబుతుంది.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. మామిడి తోట ఉన్న రైతు నడిగితే, డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడకపోతే పూత పలచగా వస్తుందని చెబుతాడు. మామిడి చలిని తట్టుకునే చెట్టు కాదు, గడ్డకట్టే చలికి లేత మొక్క చచ్చిపోతుంది. అయినా పూతకు కొంత చల్లదనం దానికి కావాలి. ఆపిల్‌లో ఇదే లక్షణం ఇంకా తీవ్రంగా ఉంటుంది. 7 డిగ్రీల కంటే చల్లగా ఉన్న గంటలను లెక్కగట్టి, అవి చాలినన్ని అయితేనే పాత రకాల ఆపిల్ చెట్టు సరిగ్గా చిగురిస్తుంది. సర్రసేనియా ఈ విషయంలో ఆపిల్ వైపు మొక్క. శరదృతువులో పగళ్లు కుదించుకుపోయి, రాత్రులు చల్లబడగానే కొత్త కూజాలు వేయడం ఆపేస్తుంది. ఉన్నవి గోధుమరంగుకు తిరుగుతాయి, ప్రాణమంతా కొమ్ములో దాగుతుంది. మూడు నాలుగు నెలల ఈ నిద్ర తరువాత, వసంతంలో చాలా జాతులు ముందు పువ్వు పూసి, ఆ తరువాతే కూజాలు వేస్తాయి. కూజాలో పడి చావకుండా పరాగసంపర్కం చేసే తేనెటీగ తిరిగి వెళ్ళడానికి ఆ వరుస ఉపయోగపడుతుందని కొందరు వివరిస్తారు.

డెల్టా ఏమివ్వగలదు, ఏమివ్వలేదు

మొక్కకు చలికాలం వస్తోందని చెప్పేవి ప్రధానంగా రెండు సూచనలు, పగటి నిడివి ఒకటి, ఉష్ణోగ్రత రెండోది. అమలాపురం, భీమవరం, నరసాపురం అన్నీ భూమధ్యరేఖకు ఉత్తరంగా 16, 17 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నాయి. ఇక్కడ డిసెంబరులో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో అతి పెద్దది సుమారు 13 గంటలు, అంటే తేడా రెండు గంటలే. సర్రసేనియాకు పుట్టిల్లయిన గల్ఫ్ తీరంలో ఆ తేడా నాలుగు గంటలు. న్యూఫౌండ్‌లాండ్‌లో పగలు ఎనిమిదిన్నర గంటలనుంచి దాదాపు 16 గంటల దాకా సాగుతుంది. ఆ మేరకు మన ఆకాశం మొక్కకిచ్చే సంకేతం చాలా సన్ననిది.

ఉష్ణోగ్రత సంకేతం ఇంకా బలహీనం. జనవరి రాత్రుల్లో సముద్రానికి దగ్గరున్న మన ఊళ్లలో సాధారణంగా 18 నుంచి 20 డిగ్రీలుంటుంది, బాగా చలి పెట్టిన కొన్ని రాత్రులు అంతకంటే కొంత తగ్గుతుంది. పగలు మళ్లీ 28, 29కి ఎక్కుతుంది. పూర్తి నిద్రకు రాత్రులు 10 డిగ్రీల కిందికి రావడం, పగళ్లు కూడా చల్లగా ఉండడం, అది వారాల తరబడి నిలవడం కావాలి. సంక్రాంతి భోగిమంటల దగ్గర మనం చేతులు కాచుకునే చలి ఈ మొక్కకు వసంతకాలపు రాత్రిలాగా తోస్తుంది.

వేసవి సంగతి ఇందుకు భిన్నం. గల్ఫ్ తీరపు వేసవి కూడా వేడిగా, ఉక్కగా ఉంటుంది కనుక ఎండ, గాలిలో తేమ ఈ మొక్కకు కొత్త కావు. రోజుకు ఆరేడు గంటల నేరుటెండ లేకపోతే దాని కూజాలు వాలిపోతాయి, రంగు తేరవు. రోహిణీ కార్తెలో పడమటి వడగాలి వీచే రోజులు మాత్రం దాని పుట్టింట లేవు. ఆ రోజుల్లో డాబా మీది నల్లని ప్లాస్టిక్ కుండీలో వేరు ఉడికిపోతుంది. ఆ రెండు మూడు వారాలు మధ్యాహ్నపు నీడ, ట్రేలో లోతుగా నీళ్లు ఉంటే మొక్క గట్టెక్కుతుంది. ఒక్క వాక్యంలో చెప్పాలంటే, డెల్టాలో సర్రసేనియాకు మే నెల ఒక గండం, డిసెంబరు ఒక లోటు. గండాన్ని దాటించవచ్చు, లోటును మాత్రం ఎక్కడినుంచో తెచ్చి పూడ్చాలి.

నిద్ర లేకపోతే నిజంగా చచ్చిపోతుందా

పెంచేవారిలో ఇక్కడ రెండు వాదాలున్నాయి. శీతల దేశాల పెంపకందారుల్లో ఎక్కువమంది నిద్ర తప్పనిసరి అంటారు, అది లేని మొక్క రెండు మూడేళ్లలో నీరసించి పోతుందంటారు. వారి వివరణ ఇది: వెచ్చని రాత్రుల్లో మొక్క శ్వాసక్రియ వేగంగా సాగి, కొమ్ములో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తూనే ఉంటుంది. ఆగకుండా ఆకులు వేస్తూ పోతే జమ కంటే ఖర్చు ఎక్కువై, బలహీనపడిన కొమ్మును బూజు పట్టుకుంటుంది.

రెండో వాదం వెచ్చని దేశాల్లో పెంచేవారిది. దక్షిణ ఫ్లోరిడాలోనూ, ఆగ్నేయాసియాలోనూ చలికాలమే లేని చోట కొన్ని సర్రసేనియాలను ఏళ్ల తరబడి బతికించుకుంటున్నామని వారంటారు. పగళ్లు కొద్దిగా తగ్గినా మొక్క వేగం తగ్గించుకుని సగం నిద్ర తీస్తుందని, గల్ఫ్ తీరం, దాని పరిసరాల జాతులైన సిట్టసినా, మైనర్, రోజియా వంటివి, వాటి సంకరాలు ఇందుకు బాగా ఒదుగుతాయని వారి అనుభవం. ఈ వాదాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఒకే జాతిలోనే ఉత్తరాన పుట్టిన మొక్కకు, దక్షిణాన పుట్టిన మొక్కకు చలి అవసరంలో తేడా ఉండడం సహజం.

అయితే రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఈ అనుభవాలు వ్యక్తుల కుండీలనుంచి వచ్చినవి, పోల్చడానికి పక్కన నిద్ర ఇచ్చిన కుండీ చాలాచోట్ల ఉండదు. బతికిన మొక్క ఫొటో అందరూ పెడతారు, మూడో ఏట కుళ్ళిన మొక్క గురించి చెప్పేవారు తక్కువ. బతకడానికి, వర్ధిల్లడానికి కూడా తేడా ఉంది. పువ్వు వేయని, ఏటేటా కూజా ఎత్తు తగ్గుతున్న మొక్క బతికే ఉంది గాని, అది పొదుపు తిని బతుకుతోంది. ఈ రెండిటినీ తూచి చూస్తే, కెనడా వంశపు పర్‌ప్యూరియాను డెల్టాలో ఏడాదంతా ఆరుబయట ఉంచితే నిలిచే ఆశ చాలా తక్కువని, గల్ఫ్ తీరపు రకాలకు కొంత అవకాశం ఉందని నాకు తోస్తోంది. అమ్మే చీటీ మీద ఒట్టి 'సర్రసేనియా' అని ఉండి, జాతి పేరు లేకపోతే ఈ తేడా కొనేవారికి తెలిసే దారే ఉండదు. నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

ఫ్రిజ్‌లో చలికాలం: ఒక లెక్క

ఉష్ణమండలంలో లోటు పూడ్చడానికి కొందరు వాడే మార్గం ఫ్రిజ్. డిసెంబరులో మొక్కను కుండీనుంచి తీసి, ఆకులు కత్తిరించి, కొమ్మును కడిగి, తడి పిండేసిన స్ఫాగ్నం నాచులో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కూరగాయల అరలో సుమారు 4, 5 డిగ్రీల దగ్గర రెండు మూడు నెలలు ఉంచుతారు. చీకట్లో మొక్క ఎలా బతుకుతుందన్న సందేహం న్యాయమైనదే. దానికి జవాబు శ్వాసక్రియ లెక్కలో ఉంది.

జీవుల్లో ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు తగ్గేకొద్దీ శ్వాసక్రియ వేగం సుమారు సగమవుతుందన్నది ఒక స్థూలమైన సూత్రం. 25 డిగ్రీల గదిలో కొమ్ము రోజుకు 4 పాళ్ల నిల్వ ఖర్చు చేస్తుందనుకుందాం. 15 డిగ్రీల దగ్గర అది 2 పాళ్లవుతుంది, 5 డిగ్రీల దగ్గర 1 పాలు. ఫ్రిజ్‌లో 90 రోజులకయ్యే ఖర్చు 90 పాళ్లు. అదే కొమ్మును చీకటి గదిలో 25 డిగ్రీల దగ్గర ఉంచితే 90 పాళ్లు దాదాపు 23 రోజుల్లోనే అయిపోతాయి. చల్లదనం వల్ల మొక్క ఖర్చు తగ్గించుకుని నిద్రపోగలుగుతుంది. నిద్రలో ఉన్న మొక్కకు వెలుతురు అవసరం తక్కువ కూడా.

ఈ మార్గానికి అభ్యంతరం లేకపోలేదు. చల్లని తడిలో బూజు పడుతుంది, వారం వారం తెరిచి చూడాలి. బయటి 29 డిగ్రీలనుంచి ఒక్కసారిగా 4 డిగ్రీలకు తోయడం ప్రకృతిలో జరిగే మార్పు కాదు. పైగా ఫ్రిజ్‌నుంచి తీసేది ఫిబ్రవరి చివర, అప్పటికే మన ఎండ ముదరడం మొదలవుతుంది. కొత్తగా మేలుకున్న మొక్కకు గట్టిపడే వ్యవధి కొన్ని వారాలే దొరుకుతుంది. ఏజెన్సీలో బంధువులున్నవారికి ఇంకో దారి ఉంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలో చలికాలపు రాత్రులు ఒంటి అంకెకు, కొన్నిసార్లు సున్నా దగ్గరికి దిగుతాయి. పగలు వెచ్చగానే ఉన్నా, ఆ రాత్రుల వరుస డెల్టా ఇవ్వలేని సంకేతాన్ని చాలావరకు ఇస్తుంది.

విత్తనాలకూ ఇదే నియమం. సర్రసేనియా విత్తనం తడిలో నాలుగు వారాలు లేదా అంతకంటే ఎక్కువ చలి అనుభవించాకే బాగా మొలుస్తుంది. పొట్లం విప్పి నేరుగా చల్లితే మొలవకపోవడం చూసి పుచ్చు విత్తనాలని తేల్చేస్తారు, అన్నిసార్లూ అది నిజం కాదు. మొలిచినా, పెద్ద మొక్క కావడానికి మూడు నుంచి అయిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

నీళ్లలోని ఉప్పు: కనిపించని లోటు

చలి సంగతి కనీసం చర్చకు వస్తుంది, నీళ్ల సంగతి చాలామంది తలచరు. ఈ మొక్కలు పుట్టింది పోషకాలు కడుక్కుపోయిన ఆమ్ల నేలల్లో. వేరు ద్వారా నత్రజని, భాస్వరం దొరకవు కాబట్టే పురుగులను పట్టే ఆకులు వాటికి ఏర్పడ్డాయి. అలాంటి వేరుకు ఖనిజాలు ఎక్కువైతే విషమే. పెంపకందారులు సాధారణంగా పెట్టుకునే హద్దు, నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్లు వరికి అమృతమే, కానీ అవి ఈ హద్దులో ఇమడవు. సముద్రం వైపు ఊళ్ల బోరు నీళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ట్రేలోని కుండీ ఎండాకాలం కానప్పుడు రోజుకు 300 మిల్లీలీటర్లు తాగి ఆవిరి చేస్తుందనుకుందాం. లీటరుకు 250 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లు పోస్తే రోజుకు 75 మిల్లీగ్రాములు, వంద రోజులకు ఏడున్నర గ్రాములు కుండీలో చేరతాయి. నీరు ఆవిరైపోతుంది, లవణం మిగులుతుంది. ఇది ఒక టీస్పూను ఉప్పు కంటే ఎక్కువ బరువు. లీటరుకు 20 మిల్లీగ్రాములున్న నీళ్లయితే అదే వంద రోజులకు చేరేది 0.6 గ్రాములే. ఇంటి ఆర్వో యంత్రం నీళ్లు పనికిరావచ్చు, కానీ రుచి కోసం ఖనిజాలను తిరిగి కలిపే యంత్రాలూ ఉన్నాయి కనుక, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూస్తే గాని తెలియదు. కొని తెచ్చే 20 లీటర్ల క్యాన్లకూ ఇదే మాట.

వాన నీళ్లు ఇందుకు అన్నిటికంటే మంచివి, అవి మనకు కొదవ లేవు. ఫిబ్రవరి నుంచి మే వరకు 120 రోజులు, ఎండల వల్ల రోజుకు 600 మిల్లీలీటర్ల చొప్పున లెక్కేసినా కుండీకి 72 లీటర్లు సరిపోతాయి. ఒక చదరపు మీటరు డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 100 లీటర్లు వస్తాయి. కాబట్టి ఇబ్బంది వాన దొరకడంలో లేదు, మూతపెట్టి నిల్వ ఉంచడంలో ఉంది. మూత మాట ఊరికే అనలేదు. ఈ మొక్కలు దోమలను తినేస్తాయన్న నమ్మకంతో కొనేవారున్నారు. వాటి కూజాల్లో ఎక్కువగా పడేవి చీమలు, ఈగలు, కందిరీగలు. కుండీ కింద వారాల తరబడి కదలని ట్రే నీళ్లు మాత్రం డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి సరిగ్గా సరిపోయే చోటు. వారానికొకసారి ఆ నీళ్లు పారబోసి ట్రేను రుద్ది కడగకపోతే, తినే దోమల కంటే పుట్టే దోమలే ఎక్కువవుతాయి.

కొబ్బరి పొట్టు, ఒండ్రు, సిమెంటు తొట్టి

మన ఒండ్రు మట్టి ఎంత సారవంతమో ఈ మొక్కకు అంత పనికిరాదు. ప్రపంచమంతా దీనికి వాడేది ఎరువు కలపని పీట్‌మాస్ (బురద నేలల్లో పేరుకున్న నాచు), దానితో పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు లేదా కడిగిన ఇసుక కలిపిన మిశ్రమం. పీట్ మనకు బయటి దేశాలనుంచి రావాలి. వేల ఏళ్లపాటు పేరుకున్న బురద నేలలను తవ్వి తీసేది కనుక దాని మీద పర్యావరణ అభ్యంతరమూ ఉంది. కోనసీమలో పీచు తీయగా మిగిలిన కొబ్బరి పొట్టు చేతికందే దూరంలో ఉండగా అదెందుకన్న ప్రశ్న సబబైనదే. పొట్టు నీటిని బాగా పట్టి ఉంచుతుంది. కానీ అందులో సహజంగానే పొటాషియం, సోడియం లవణాలుంటాయి, ఉప్పు తగిలే నీళ్లలో నానబెట్టిన కాయల పొట్టులో మరీ ఎక్కువ. పీట్‌కున్నంత ఆమ్లగుణం కూడా దానికి లేదు. తక్కువ లవణమున్న నీళ్లతో పలుమార్లు కడిగి, దిగిన నీళ్ల టీడీఎస్ అంకె పోసిన నీళ్ల అంకెకు దగ్గరయ్యేదాకా తెచ్చిన పొట్టులో మొక్క పెరగగలదు. సంచి విప్పి నేరుగా వేసిన పొట్టులో చాలాసార్లు పెరగదు. నర్సరీల్లో మనకలవాటైన సిమెంటు తొట్టి అందంగానే ఉంటుంది గాని, దానిలోని సున్నం కరిగి ఆమ్లగుణాన్ని విరిచేస్తుంది. ప్లాస్టిక్ కుండీయే నయం, లేత రంగుదైతే మరీ మంచిది.

చలికాలం అడగని కూజా మొక్కలు

ఇన్ని లెక్కలు చూశాక, మన వాతావరణానికి పుట్టుకతోనే సరిపడేది లేదా అన్న ప్రశ్న వస్తుంది. నెపంథిస్‌లో పల్లపు ప్రాంతాల జాతులు, ఆంపుల్లేరియా, రాఫ్లీసియానా, మిరాబిలిస్ వంటివి, వెచ్చని రాత్రులను కోరుకునేవే. వాటికి నిద్ర అక్కరలేదు. కొబ్బరి చెట్ల కింది చెదిరిన వెలుతురు, తీరపు తేమ వాటికి అనుకూలం, వడగాలినుంచి కాపు కావాలి. మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క నెపంథిస్, మేఘాలయ కొండల ఖాసియానా, ఈ పల్లపు రకం కాదు. దానికి మన వేడి రాత్రులు అంతగా పడకపోవచ్చు. అది అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. అడవినుంచి తీసిన మొక్కా, నర్సరీలో పెంచిన మొక్కా అన్నది కొనేముందు అడగవలసిన ప్రశ్న.

కూజాలు లేకపోయినా పురుగులను పట్టే మొక్కలు మన దగ్గరే ఉన్నాయి. తూర్పు కనుమల అంచుల తడి ఇసుక నేలల్లో డ్రాసిరా జిగురు బొట్లతో మెరుస్తుంది. చెరువుల్లో, వరి పొలాల పక్క గుంటల్లో యుట్రిక్యులేరియా వేరు లేకుండా తేలుతూ, నీటి పైకి పసుపు పువ్వులు ఎత్తి నిలుస్తుంది. నీటి అడుగున దాని సన్నని తిత్తులు చిన్న నీటిపురుగులను సెకనులో వందో వంతు కంటే తక్కువ వ్యవధిలో లోపలికి పీల్చుకుంటాయి.